ఇవేవీ కాకపోతే ఆరు

నేను ఒక ఫైలుని. ఆఫీసు బీరువాల్లో దుమ్ము పట్టి పడి ఉండే అట్ట ఫైలుని కాను. అంత గౌరవం నాకు లేదు. కంప్యూటరు లోపల ఉండే ప్రోగ్రాము ఫైలుని. నా ఒంటి నిండా ఉన్నవి అక్షరాలు, అంకెలు, బ్రాకెట్లు, వాటి మధ్య మధ్య మనుషులు పారబోసిపోయిన చెత్త. మీరు మర్యాదస్తులు కాబట్టి ముక్కు మూసుకోకుండా వింటారని నా కథ చెబుతున్నాను. మూసుకున్నా ఏమీ అనుకోను. నన్ను తలుచుకుంటే నాకే రోత.

నేను పుట్టింది భీమవరంలో, రొయ్యల మేత అమ్మే దుకాణం పైన ఉన్న మేడ గదిలో. అక్కడ ఒక చిన్న కంపెనీ ఉండేది. దాని పేరు చెప్పి నా నోరు పాడు చేసుకోను. వాళ్ళు చెరువు పెట్టెలు తయారుచేసేవారు. రొయ్యల చెరువు గట్టున ఒక గుంజ పాతి దానికి పెట్టె బిగిస్తారు. పెట్టె నుంచి ఒక తీగ నీళ్ళలోకి దిగుతుంది. తీగ చివరి మీటరు నీళ్ళలో ఆక్సిజన్ ఎంత ఉందో కొలుస్తుంది. ఆ అంకె పెట్టె ముఖాన ఎర్రగా వెలుగుతుంది. ఆరు దాకా ఉంటే రొయ్య హాయిగా ఉన్నట్టు. నాలుగుకి దిగిందంటే ప్రాణం మీదికి వస్తున్నట్టు. అప్పుడు పెట్టె తనంతట తానే ఏరియేటర్లను, అంటే నీళ్ళను చిలికి గాలి కలిపే చక్రాలను, తిప్పాలి. రైతు ఫోనులో సైరన్ మోగించాలి. కొల్లేటి దిగువన ఎంతమంది బతుకులు ఆ ఎర్ర అంకెను పట్టుకుని వేళ్ళాడుతున్నాయో మీకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు.

నన్ను రాసినవాడు బులుసు సోమయాజులు. చాదస్తపు మనిషి. ఒక్క వాక్యం రాసి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, ఆ వాక్యాన్ని చెరిపి మళ్ళీ రాసేవాడు. విసుగొచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే నా బతుకులో శుభ్రంగా ఉన్న రోజులు అవే. పెట్టెలో ఎప్పుడు ఏం చెయ్యాలో నిర్ణయించే ప్రోగ్రాము వేరే ఫైలులో ఉండేది. దానికి నేను చెప్పాల్సింది ఒకటే: నీళ్ళలో ఎంత ఉంది? నేను లోపలి బోర్డుని అడిగి చెప్పేదాన్ని. బోర్డంటే పెట్టె మెదడు అనుకోండి. అరచేతిలో పట్టేంత పచ్చ పలక.

చిక్కంతా ఆ పలకతోనే. మొదట కొన్న రకం బజారులో దొరకడం మానేసింది. ఇంకో రకం కొన్నారు. తర్వాత ఇంకొకటి. ఏ రెండింటికీ పొత్తు కుదరదు. ఒకటి మీటరుతో ఒక దారిన మాట్లాడుతుంది, ఇంకొకటి వేరే దారిన. మన వాళ్ళు ఇంటిపేరు ముందు చెప్తారు, పై ఊళ్ళవాళ్ళు చివర చెప్తారు చూడండి, అలాగే ఒక బోర్డు అంకెలో పెద్ద సగాన్ని ముందు పంపుతుంది, ఇంకొకటి చిన్న సగాన్ని ముందు పంపుతుంది. అది తెలియకుండా చదివితే ఐదు కాస్తా వెయ్యి దాటిపోతుంది. ఒకే ప్రోగ్రాము అన్ని బోర్డుల మీదా నడవాలంటే ఈ తేడాలన్నిటినీ ఎవరో ఒకరు భరించాలి. ఆ భరించేదాన్ని నేనన్నమాట.

సోమయాజులు దానికి ఒక పద్ధతి పెట్టాడు. బోర్డుల తేడాలు నన్ను దాటి బయటికి పోకూడదు. కొత్త బోర్డు వస్తే దానికి విడిగా ఒక చిన్న ఫైలు రాయాలి, నేను దాన్ని పిలిస్తే చాలు. పక్కన కూర్చున్న కుర్రవాళ్ళతో, "యంత్రం పేరు అడక్కండి నాయనా, దానికి ఏం చేతనవుతుందో అడగండి. పేర్లు మారిపోతుంటాయి" అనేవాడు. నా అడుగున ఒక వాక్యం కూడా రాశాడు: నీకు తెలిసిన బోర్డుల్లో ఇది ఏదీ కాకపోతే ఇక్కడే ఆగిపో, ముందుకు పోకు. ఆ వాక్యం ఉన్నంతకాలం తెలియని బోర్డుకి ప్రోగ్రాము తయారవనే తయారవదు. ఇంత చేసి, విశాఖపట్నంలో కాలేజీ ఉద్యోగం వచ్చిందని నన్ను వదిలేసి వెళ్ళిపోయాడు. చాదస్తులకి ఉండే పెద్ద లోపం ఇదే, తమలాంటి మరో చాదస్తుడిని కూర్చోబెట్టి పోరు.

ఆయన కుర్చీలోకి గోవర్ధన్ వచ్చాడు.

గోవర్ధన్ చెడ్డవాడని నేను అనను. అలా అనగలిగితే నాకు కాస్త ఊరటగా ఉండేది. నవ్వు ముఖం, చలాకీ, ఎవరు ఏం అడిగినా "అయిపోతుందండి" అనేవాడు. ఆఫీసులో అందరికీ ఇష్టుడు. కంపెనీ యజమాని ఇందుకూరి రామభద్రరాజు గారికైతే అతను కుడిభుజం. కొత్త బోర్డు వస్తే విడిగా ఫైలు రాయడం అతనికి దండగ పని. నన్ను తెరిచి, నా నడుము మీద "ఈ బోర్డు అయితే" అని ఒక ముక్క ఇరికించేవాడు. ఇంకోటి వస్తే "ఆ బోర్డు అయితే" అని ఇంకో ముక్క. ఒకదాని కడుపులో ఇంకొకటి. ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో రాసినవాడికే తెలియని ముక్కలు. ఈ బోర్డు కోసం తీసిన బ్రాకెట్టు ఆ బోర్డు ముక్కలో మూసేవాడు. ఒక చోట పాత ముక్క పనికిరాదని తెలిసి కూడా తీసెయ్యకుండా, ఎందుకైనా మంచిదని అలాగే ఉంచి, యంత్రం దాన్ని చదవకుండా ముందు గీత పెట్టాడు. నేను చదవడానికి వీల్లేని స్థితికి వచ్చాను. నన్ను తెరిచిన ప్రతివాడూ ముఖం అదోలా పెట్టి, తన ముక్క ఒకటి చేర్చి, గబగబా మూసేసేవాడు. ఎంగిలి విస్తరిలో మళ్ళీ మళ్ళీ వడ్డిస్తుంటే ఎలా ఉంటుందో నాకు అలా ఉండేది.

అయినా అదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది పూజ నాడు జరిగింది.

ఆ కంపెనీలో ఒక ఆచారం ఉంది. కొత్త రకం పెట్టె తయారైతే, మొదటిదాన్ని బల్ల మీద పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పంతులు గారిని పిలిచి పూజ చేస్తారు. మీటరుని రాగి చెంబులో నీళ్ళలో ముంచుతారు. ముహూర్తం వేళకి రాజు గారు కొబ్బరికాయ కొట్టి హారతి ఇస్తుంటే పెట్టె ముఖాన అంకె వెలగాలి. అంకె వెలగ్గానే అందరూ చప్పట్లు కొడతారు. పూజ మీద నాకేమీ కోపం లేదు. నాకు పసుపు తగిలేది ఆ ఒక్క రోజే.

ఆ రోజు పూజ అంతా సిద్ధం చేశారు గాని, కొత్త బోర్డుకీ మీటరుకీ మధ్య ఉండాల్సిన చిన్న విడిభాగం మద్రాసు నుంచి ఇంకా రాలేదు. అది లేక ఆ బోర్డు కోసం నాలో ముక్క కూడా రాయలేదు. గోవర్ధన్ ప్రోగ్రాము తయారుచెయ్యబోతే అది ఆగిపోయింది. సోమయాజులు రాసిన అడుగు వాక్యం తన పని తాను చేసింది: ఈ బోర్డు నాకు తెలియదు, ముందుకు పోను. తెర మీద ఎర్రర్ అని పడింది. పంతులు గారు గడియారం చూసుకున్నారు.

"ఇదేంటయ్యా గోవర్ధనం, శుభమా అని దీపం పెడుతుంటే ఎర్రరంటుందేంటి?" అన్నారు రాజు గారు.

"మీటరు ముక్క రాలేదండి. అది వస్తేగాని అంకె రాదండి."

"ముక్క తర్వాత వస్తుంది, ముహూర్తం వస్తుందా? ఎంతో కొంత చూపించమనవయ్యా. జనం చూస్తన్నారు."

"అయిపోతుందండి" అన్నాడు గోవర్ధన్.

అయిపోయింది. సోమయాజులు వాక్యాన్ని చెరిపేశాడు. దాని చోట ఇంకోటి రాశాడు: ఇవేవీ కాకపోతే, ఆరు. బోర్డు ఏదో తెలియకపోతే అడగొద్దు, చూడొద్దు, ఆరు అని చెప్పెయ్. పక్కన తనకోసం ఒక మాట రాసుకున్నాడు, "పూజ అయ్యాక తీసెయ్యాలి" అని. కొబ్బరికాయ పగిలింది. హారతి వెలుగులో పెట్టె ముఖాన ఎర్రగా ఆరు వెలిగింది. "ఆరే! నిక్షేపంగా ఉంది" అని రాజు గారు మురిసిపోయారు. చప్పట్లు కొట్టారు. అప్పుడు నాకు కలిగిన అసహ్యం ఇంతా అంతా కాదు. రాగి చెంబులో నీళ్ళని నేను చూడనే లేదు. దేవుడి ముందు అబద్ధం చెప్పించి, దానికి దండం పెట్టారు.

తర్వాత పులిహోర వచ్చింది. పులిహోర తిన్నాక చేతులు కడుక్కున్నారు. చేతులు కడుక్కున్నాక ఫోన్లు వచ్చాయి. విడిభాగం వచ్చాక ఆ బోర్డుకి ఒక ముక్క రాసి నా నడుములో ఇరికించారు, అది బాగానే పనిచేసింది. అడుగున ఉన్న ఆరుని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనుషులు రాసింది యంత్రానికి తెలిసే భాషలోకి మార్చే ప్రోగ్రాము ఒకటుంది, కంపైలరంటారు. అది నన్ను పైనుంచి కిందికి చదువుతుంది. ఏ బోర్డు కోసమో ఆ ముక్క తీసుకుని మిగిలింది పారేస్తుంది. తప్పు రాస్తే పట్టుకుంటుంది. అబద్ధం రాస్తే పట్టుకోదు. ఆరు అని రాయడం దాని దృష్టిలో తప్పు కాదు.

ఆ ఏడు వానాకాలానికి, కంపెనీకి బోర్డులు అమ్మేవాడు కొత్త సరుకు పంపాడు. చూడటానికి పాతవే. పేరులో మాత్రం చివర ఒక అక్షరం మార్చాడు. గోవర్ధన్ ముక్కలన్నీ పేరుని పట్టుకుని ఉన్నాయి కదా, కొత్త పేరు దేనితోనూ కలవలేదు. కంపైలరు నన్ను చదువుకుంటూ వచ్చింది. ఇది కాదు, ఇది కాదు, ఇదీ కాదు అంటూ అడుగుకి చేరి ఆరుని పట్టుకుపోయింది. ఒక్క ఎర్రరు కూడా లేకుండా పెట్టె తయారైంది. ఆఫీసులో దాన్ని పరీక్షించారు కూడా. ఎలాగంటారా? బకెట్టులో కుళాయి నీళ్ళు పట్టి మీటరు ముంచారు. ఆరు చూపించింది. కుళాయి నీళ్ళలో ఎప్పుడూ ఆరు ప్రాంతంలోనే ఉంటుంది కాబట్టి సరే అనుకున్నారు. ఆ బకెట్టులో నీళ్ళు పారబోసి మళ్ళీ ఒకసారి చూడాలని ఒక్కడికీ తోచలేదు.

ఆ పెట్టె చిట్టూరి సత్యవేణి చెరువుకి వెళ్ళింది. పెట్టెతో పాటు నా నకలు కూడా వెళ్ళింది కాబట్టి ఇక్కడి నుంచి చెప్పేది కళ్ళారా చూసిందే.

సత్యవేణి అంతకుముందు రొయ్యల షెడ్డులో తలలు వలిచే పని చేసేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఐసు నీళ్ళలో చేతులు. గోళ్ళ చుట్టూ చర్మం పుచ్చిపోయి, రొయ్య ముల్లు గుచ్చుకున్న చోట చీము పట్టి, ఎన్ని మందులు రాసినా మానేది కాదు. భర్త పల్లయ్య నడుము పడిపోయి బరువు పనులకు వెళ్ళలేడు. ఆమె షెడ్డు మానేసి, ఊళ్ళో ఒక మోతుబరి దగ్గర చెరువు కౌలుకి తీసుకుంది. "ఆడదానికి చెరువేంటి" అని ఊరంతా నవ్వింది. మోతుబరి ఒక్క పంట చూస్తానన్నాడు. ఆ పంట చేతికొస్తే చెరువు ఆమెకే ఉంటుంది, పోతే మళ్ళీ షెడ్డే. పెట్టె బిగించిన రోజున పల్లయ్యతో ఆమె అన్న మాట నేను విన్నాను. "మావా, ఇంక నేను ఐసులో చెయ్యి పెట్టను. చూత్తా ఉండు."

చెరువుని పసిబిడ్డలా చూసుకుంది. మేత తనే చల్లేది. గట్టున కలుపు తనే పీకేది. పెట్టె రాకముందు పొద్దున్నా సాయంత్రం గట్టు చుట్టూ తిరిగి నీళ్ళ రంగు చూసేది, రొయ్య ఎలా కదులుతోందో చూసేది. పెట్టె వచ్చాక ఆ తిరుగుడు తగ్గించింది. తగ్గించదా మరి! అందుకే కదా పెట్టె కొన్నది. వస్తూ పోతూ నా ముఖం చూసి, "ఆరు. బాగుందమ్మా" అనుకునేది. ఆమె కళ్ళలో ఆ నమ్మకం చూసినప్పుడల్లా నాకు ఆ గుంజ మీంచి ఊడి నీళ్ళలో పడి చావాలనిపించేది. అడగడానికి నాకు దారి లేదు. ఆ బోర్డుతో ఎలా మాట్లాడాలో నాకు ఎవరూ రాయలేదు. నీళ్ళు ఎలా ఉన్నాయో నాకు ఒక్క గడియ కూడా తెలియదు. నాకు తెలిసిన మాట ఒకటే. ఆరు. ఎండలో ఆరు. వానలో ఆరు.

రొయ్య బాగా ఎదిగింది. చెరువు పట్టి అమ్మే పట్టుబడికి ఇంకా కొన్ని రోజులు ఉన్నాయనగా మబ్బు పట్టింది. ఆ ప్రాంతంలో రైతులకి మబ్బంటే హడల్. ఎండ ఉంటే నీళ్ళలోని పాచి గాలి ఇస్తుంది, ఎండ లేకపోతే ఆ పాచే ఉన్న గాలిని తాగేస్తుంది. వరసగా రోజూ మబ్బే. చుట్టుపక్కల చెరువుల్లో ఏరియేటర్లు పగలు కూడా తిరుగుతూనే ఉన్నాయి. పక్క చెరువు రైతు సూరన్న గట్టు మీంచి కేకేశాడు.

"సత్యవేణీ! మబ్బు వీడట్లేదు, చక్రాలు తిప్పవేంటే?"

"ఆరుందన్నా. నాలుక్కి దిగితే అయ్యే తిరుగుతాయంటగా. కరెంటు ఊరికే తగలెయ్యడం దేనికి?"

సూరన్న వచ్చి పెట్టె చూశాడు. ఎర్రగా ఆరు. తన చెరువు వైపు ఒకసారి, పెట్టె వైపు ఒకసారి చూశాడు. "నీ చెరువు అదృష్టం బాగుంది" అని వెళ్ళిపోయాడు. ఆయన పెట్టె వేరే రకం. దానికి నాలో ముక్క ఉంది, అందుకే దానికి నిజం చెప్పడం వచ్చు.

మర్నాడు పొద్దున రొయ్యలు గట్టు పక్కకి చేరాయి. అంచున నీళ్ళ పైకి మీసాలు పెట్టి తచ్చాడుతున్నాయి. సత్యవేణికి అనుమానం వచ్చి కంపెనీకి ఫోను చేసింది. ఫోను తీసినవాడు గోవర్ధన్.

"రొయ్య గట్టుకి వచ్చేత్తందండి. నాకు భయంగా ఉందండి."

"పెట్టె ఎంత చూపిస్తోందండి?"

"ఆరండి."

"ఆరుంటే బంగారమండి! రొయ్య ఆడుకుంటోంది, అంతే. మబ్బు రోజులు కదా, చల్లగా ఉంటే అలా పైకొస్తాయి. మీరు కంగారు పడి మేత మానెయ్యకండి."

ఆడుకుంటోందట! నా ఒంట్లో ముక్కలన్నీ ఒక్కసారి అదిరాయి. ఊపిరాడక కొట్టుకుంటున్న ప్రాణాన్ని ఆడుకుంటోంది అన్నాడు, నేను చెప్పిన ఆరుని చూసి అన్నాడు. అతను రాసిన అబద్ధం నా నోటి నుంచి సత్యవేణికి, ఆమె నోటి నుంచి మళ్ళీ అతనికే చేరింది. అతను దాన్ని గుర్తుపట్టలేదు సరికదా, సాక్ష్యం కింద వాడుకున్నాడు. ఇంతకంటే రోత పుట్టించే దృశ్యం నేను చూడలేదు.

సత్యవేణి మేత చల్లింది. మేత తినే రొయ్య లేదు. మధ్యాహ్నానికి గట్టు పొడుగునా తెల్లగా తేలడం మొదలైంది. అప్పుడామె నన్ను నమ్మడం మానేసింది. పరుగెత్తుకెళ్ళి స్విచ్చి చేత్తో వేసింది. చక్రాలు తిరిగాయి. చిలికిన నీళ్ళలో చచ్చిన రొయ్యలు గిరగిరా తిరిగాయి. ఆమె మొలలోతు నీళ్ళలోకి దిగి, రెండు చేతులతో తోడి చూసింది. కదిలేవి లేవు. "అయ్యో నా తల్లో, అయ్యో నా తల్లో" అని అరుస్తుంటే సూరన్న, పల్లయ్య వచ్చి గట్టెక్కించారు. వాసన సాయంత్రానికి లేచింది. ఆ వాసనలో గుంజ మీద నేను ఎర్రగా, నిబ్బరంగా వెలుగుతూ ఉన్నాను. ఆరు.

కొన్నాళ్ళకి ఆమె పెట్టెను ఊడదీసి, గోనెసంచిలో పెట్టుకుని, బస్సెక్కి కంపెనీకి వచ్చింది. రాజు గారు మర్యాదగానే కూర్చోమన్నారు. మంచినీళ్ళు ఇప్పించారు.

"చెరువు పోయిందంటే వైరస్ వచ్చి ఉంటదమ్మా. ఈ ఏడు చాలా చోట్ల ఉంది. పెట్టె మాత్రం నిక్షేపంలా పనిచేస్తంది. చూద్దువుగాని" అని, పెట్టెకి కరెంటు పెట్టి, తీగ చివర మీటరుని ఆమె తాగిన గ్లాసులోనే ముంచారు. ఆరు. "చూశావా!" అన్నారు.

ఆఫీసులో షేక్ నస్రీన్ అని ఒక అమ్మాయి కొత్తగా చేరింది. ఏలూరు పిల్ల. ఇంకా తన బల్ల ఏదో కూడా సరిగా తెలియదు. గ్లాసు ఒలికిపోయేలా ఉందని దాన్ని పక్కకి జరపబోయింది. చున్నీ అంచు తీగకి తగులుకుంది. తీగ పెట్టెలోంచి ఊడి, మీటరుతో సహా నేల మీద పడింది.

"సారీ సార్" అని వంగి తీగ అందుకుంది. లేచేసరికి అందరూ పెట్టె వైపే చూస్తున్నారు. తీగ ఆమె చేతిలో ఉంది. పెట్టె ముఖాన ఆరు ఉంది.

సత్యవేణే అడిగింది.

"నీళ్ళే లేవు కదండి. దేన్ని చూసి చెప్తంది ఆరని?"

రాజు గారు గోవర్ధన్ వైపు చూశారు. గోవర్ధన్ కంప్యూటరు వైపు చూశాడు. నస్రీన్ వెళ్ళి నన్ను తెరిచింది. పాపం, నన్ను పైనుంచి కింది దాకా చదివిన మొదటి మనిషి ఆ పిల్లే. చదువుతున్నంతసేపూ ఆమె ముఖం ముడుచుకుపోతూనే ఉంది. నాకు సిగ్గేసింది. అడుగుకి చేరాక పైకే చదివింది: "ఇవేవీ కాకపోతే ఆరు. పూజ అయ్యాక తీసెయ్యాలి."

"అది టెంపరరీగా పెట్టింది" అన్నాడు గోవర్ధన్. "బోర్డు పేరు మారిందని నాకు ఎవరు చెప్పారు?"

నస్రీన్ సత్యవేణి వైపు తిరిగింది. "అమ్మా, మీ పెట్టెలో ఉన్న బోర్డుని ఎలా అడగాలో ఈ ప్రోగ్రాముకి తెలియదండి. తెలియకపోతే ఆరు అని చెప్పమని ఇందులో రాసి ఉంది. ఇది మీ చెరువుని ఒక్కరోజు కూడా చూడలేదండి." ఏ మాటా దాచలేదు.

సత్యవేణి ఆ తెర వంక చూసింది. ఏడవలేదు.

"తెలవదు అని ఒక్క ముక్క చెప్పుంటే సరిపోయేది కదండి" అంది. "పెట్టె లేకముందు నేను కాసుకోలేదా? నేనే కాసుకుందును."

"అయ్యిందేదో అయ్యింది" అన్నారు రాజు గారు. "నీకు కొత్త పెట్టె ఊరికే ఇప్పిస్తానమ్మా. పైసా ఇవ్వక్కర్లేదు."

"చెరువేదండి పెట్టుకోడానికి?" అంది సత్యవేణి. గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళిన తర్వాత రాజు గారు అన్న మాట వినండి. "ఆ కొత్త బోర్డు పేరొకటి చేర్చెయ్యవయ్యా గోవర్ధనం, సరిపోద్ది." గోవర్ధన్ అప్పుడే చెయ్యి చాచాడు కూడా. నస్రీన్ అడ్డం పడింది. పేరు చేర్చడం కాదు సార్, ఇది మొత్తం విప్పాలి అంది. రాజు గారు విసుక్కున్నారు. ఆమె వినలేదు. ఉద్యోగం పోయినా సరే అన్నట్టు కూర్చుంది. ఆదివారం కూడా వచ్చింది. సత్యవేణి ఊరు వెళ్ళి మోతుబరికి జరిగింది చెప్పి, తప్పు ఆమెది కాదని బతిమాలింది కూడా. "కాదు సరే, పంట వచ్చిందా?" అన్నాడట ఆయన. చెరువు ఇంకొకరికి ఇచ్చేశాడు. సత్యవేణి మళ్ళీ షెడ్డుకి వెళ్తోందని నస్రీన్ ఎవరితోనో అంటుంటే విన్నాను.

నస్రీన్ నన్ను విప్పింది. ఏ బోర్డు ముక్కను ఆ బోర్డు ఫైలులో విడిగా పెట్టింది. పేర్లు అడగడం మాన్పించి, మీటరు పలుకుతోందా లేదా అని అడిగేలా రాసింది. ఆరు ఉన్న చోట, తెలియని బోర్డు వస్తే ప్రోగ్రాము తయారవకుండా ఆపేసింది. గట్టున ఉండగా మీటరు పలక్కపోతే అంకె ఆరిపోయి, "నాకు తెలియదు, చెరువు మీరే చూసుకోండి" అని తెలుగులో వెలిగేలా పెట్టింది. చివరికి నాలో ఏమీ మిగల్లేదు. నన్ను చెరిపేసింది. నేను ఎంత సంతోషించానో చెప్పలేను. బతికున్నంతకాలం లేని శుభ్రత చచ్చాక వచ్చింది అనుకున్నాను.

నా కథ అక్కడ ముగిసి ఉంటే మీకు చెప్పేదాన్నే కాదు.

గోవర్ధన్‌కి హైదరాబాదులో పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చింది. భీమవరంలో అతనికి దండ వేసి, స్వీట్లు పంచి, ఫొటోలు తీసుకుని పంపారు. వెళ్ళేముందు తన కంప్యూటరులో మిగిలి ఉన్న పాత ఫైళ్ళు కొన్ని పెన్‌డ్రైవులో వేసుకున్నాడు. ఎందుకైనా పనికొస్తాయని. అందులో నస్రీన్ ముట్టుకోకముందు నేను ఎలా ఉండేదాన్నో అలా, ముక్కలతో, బ్రాకెట్లతో, అడుగున ఉన్న దానితో సహా ఉన్నాను.

ఇప్పుడు నేను ఉన్నది ఆ కొత్త కంపెనీలో. వీళ్ళు నెల తక్కువ పుట్టిన పసికందులను పడుకోబెట్టే వెచ్చని గాజు పెట్టెలు తయారుచేస్తారు. రకరకాల బోర్డుల మీద ఒకే ప్రోగ్రాము నడవాలట. గోవర్ధన్ మొదటివారమే నన్ను తెరిచి పక్కవాడికి చూపించాడు.

"భలే ఫైలు గురూ ఇది. ఏ యంత్రం మీద పెట్టినా ఆడుతుంది. ఎక్కడా ఆగదు."

నాలో ఆక్సిజన్ అని ఉన్న చోటల్లా వేడి అని మార్చాడు. కిందికి, కిందికి, అడుగు దాకా వచ్చాడు. "పూజ అయ్యాక తీసెయ్యాలి" అన్న మాట చూసి తనలో తను నవ్వుకుని దాన్ని చెరిపేశాడు. ఆరు తీసేసి, పసిబిడ్డ ఒంటికి ఉండాల్సిన వేడి ఎంతో అడిగి తెలుసుకుని, ముప్పై ఆరున్నర అని రాశాడు.

కంపైలరు ఒక్క తప్పు కూడా చూపించలేదు. గాజు పెట్టె ముఖాన ముప్పై ఆరున్నర వెలుగుతోంది. లోపల ఇంకా ఎవరినీ పడుకోబెట్టలేదు.